సముద్రం లేని ఊళ్లలో ఓడ కథలు



మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలకు సముద్రం ఎంత దూరమో మీకు తెలియనిది కాదు. కృష్ణమ్మ ఉన్నది, తుంగభద్ర ఉన్నది, సోమశిల దగ్గర శ్రీశైలం నీళ్లు నిలిచిన చోట గాలికి అలలు కూడా లేస్తాయి. కాని సముద్రం లేదు. అయినా మన ఇళ్లల్లో దొర్లే మాటలు ఒక్కసారి గమనించండి. ఉద్యోగం రాగానే తల్లిని మరచిన కొడుకును చూచి “ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటినాక బోడి మల్లయ్య” అంటాము. ఉన్నవాళ్లు లేనివాళ్లయితే “ఓడలు బండ్లయినాయి” అంటాము. పిల్ల పెళ్లి ఖర్చు ఎలాగో గడిచిపోతే “గట్టెక్కినాము” అని ఊపిరి పీల్చుకుంటాము. ఒక మాట మీద నిలవని మనిషిని “గాలివాటం మనిషి” అంటాము.

మొన్న నా చేతిలో పుస్తకం అట్టమీద ఓడ బొమ్మ చూచి మా వీధి పెద్దమ్మ ఒకామె, “సముద్రం మొఖం సూడనోళ్లకు గీ ఓడల కతలెందుకు బిడ్డా?” అన్నది. అడగవలసిన మాటే. చరిత్రను ఆధారం చేసుకుని రాసిన ఓడల నవలలు ఇంగ్లీషులో చాలా ఉన్నవి. వాటిని మనం ఎందుకు చదవాలి, ఎలా చదవాలి అనే సంగతి ఈవేళ మీతో ముచ్చటిస్తాను.

చారిత్రక నవల మనకు కొత్త కాదు. అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’ చదవని ఇల్లు ఒకప్పుడు తక్కువ. ఆ గోనవారు మన నాగర్‌కర్నూలు దగ్గరి వర్ధమానపురం, అంటే నేటి నంది వడ్డెమాను, ఏలినవారే. ఆ నవలలో కోటలు, బురుజులు, గుర్రాలు, కత్తులు వస్తే మనం ఎక్కడా ఆగము. కోట గోడ అంటే ఏమిటో గద్వాలలో పుట్టిన పిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఓడ నవలకు వచ్చేసరికి మాత్రం ఇరవయ్యో పేజీలో పుస్తకం మూతపడుతుంది. కారణం కథ బాగా లేక కాదు, మాటలు. టాప్‌సెయిల్ అంటాడు, బ్రేస్ అంటాడు, లీ షోర్ అంటాడు. ఓడలో ఒక్కొక్క తాటికీ ఒక పేరు. ఇంగ్లీషువాళ్ల పాత యుద్ధనౌక ‘విక్టరీ’ని ఇప్పటికీ పోర్ట్స్‌మత్ రేవులో భద్రపరచి ఉంచినారు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధం చేసిన ఓడ అది. దానికి 37 తెరచాపలు, సుమారు 26 మైళ్ల పొడుగు తాళ్లు అని లెక్క.

ఇన్ని తాళ్లకు ఇన్ని పేర్లెందుకు అని విసుక్కోకండి. కరెంటు పోయినప్పుడు పోపుల పెట్టె మూత తీసి చీకట్లోనే జీలకర్ర ఏ గిన్నెలో ఉన్నదో మీ చెయ్యి చెబుతుంది గదా! ఓడమీదా అంతే. అమావాస్య రాత్రి, గాలివాన, కాలికింద చెక్క ఒకవైపు ఒరిగి ఉంటుంది. అప్పుడు కళాసి చెయ్యి సరిగ్గా ఆ తాటిమీదే పడాలి. పక్క తాడు విప్పితే పైన కొయ్యమీద నిలబడ్డ మనిషి ప్రాణం పోతుంది. ఆ పేర్లు అలంకారానికి పెట్టినవి కావు.

ముందు ఒక అపోహ తీర్చుకుందాము. వీటిని స్క్వేర్ రిగ్ ఓడలు అంటారు. తెరచాప నలుచదరంగా ఉంటుంది గనుక ఆ పేరు అనుకుంటారు చాలామంది. అది కాదు. నిలువు స్తంభానికి అడ్డంగా ఒక దూలం కడతారు, దాని పేరు యార్డ్. ఆ దూలం ఓడ పొడుగుకు అడ్డంగా, మూలమట్టానికి నిలుస్తుంది గనుక ఆ పేరు. మన దండెం మీద దుప్పటి ఆరవేసినట్టు ఆ దూలం నుంచి చాప కిందికి వేలాడుతుంది. ఆ చాప కూడా ఒకే గుడ్డ కాదు. రెండడుగుల వెడల్పు గల పట్టీలను వరసగా కలిపి కుట్టినది. గద్వాల చీరలో నూలు ఒడలుకు పట్టు అంచును, కొంగును కలిపే నేతగాడి నేర్పు చూచినవాళ్లకు, బట్ట బలమంతా అతుకులో ఉంటుందని వేరే చెప్పాలా?

ఇక చాపల పేర్లు. మొత్తం ఏడు మాటలు పట్టుకోండి, పన్నెండు చాపలు మీకు వచ్చినట్టే. పెద్ద ఓడకు స్తంభాలు మూడు. ముందుది ఫోర్, నడిమిది మెయిన్, వెనుకది మిజ్జెన్. ఒక్కొక్క స్తంభానికి చాపలు అంతస్తులుగా ఉంటాయి. అన్నిటికన్నా కింద కోర్స్, దానిపైన టాప్‌సెయిల్, దానిపైన టాప్‌గాలెంట్, కొసన రాయల్. వీధి పేరు, అంతస్తు చెప్పి ఇల్లు చూపినట్టే ఇది. ‘మెయిన్ టాప్‌సెయిల్’ అంటే నడిమి స్తంభం, రెండో అంతస్తు. మిజ్జెన్ కింది అంతస్తు దగ్గర కాస్త తేడా ఉన్నది గాని దాన్ని వదిలేద్దాము, కథకు అడ్డం రాదు.

తాళ్లలో మూడు చాలు. దూలాన్ని పైకి లాగేది హాల్‌యార్డ్. దూలాన్ని అటూ ఇటూ తిప్పేది బ్రేస్. చాప కింది మూలను బిగించి పట్టేది షీట్. ఈ షీట్ దగ్గరే అందరూ తికమకపడతారు. షీట్ అంటే దుప్పటి, కనుక చాప అనుకుంటారు. కాదు, అది తాడు. గాలి ఎక్కువైతే చాప కొంతమేర మడిచి కట్టడాన్ని రీఫ్ అంటారు. నీళ్లలో దిగేముందు మనం చీర కుచ్చెళ్లు ఎగదోపుకోమూ? అదే పని.

ఇక గాలి. ఓడ నవలలో గాలే అసలు పాత్ర అని నా అభిప్రాయం. కెప్టెన్లు, అడ్మిరల్సూ దాని తరువాతే. కల్లంలో చేటతో తూర్పారబట్టడం చూచిన ఆడదానికి ఈ సంగతి క్షణంలో బోధపడుతుంది. గాలి వచ్చే వైపు ఒకటి, పొట్టు ఎగిరిపోయే వైపు ఒకటి. గాలి వచ్చే వైపును వెదర్ అని, పొట్టు పోయే వైపును లీ అని ఓడవాళ్లు అంటారు. రెండు ఓడలు పోట్లాడబోతే గాలి వచ్చే వైపున్న ఓడదే ఇష్టారాజ్యం. కావాలనుకుంటే మీదికి వస్తుంది, వద్దనుకుంటే ఆగుతుంది. దాన్నే వెదర్ గేజ్ అంటారు. నవలలో నలభై పేజీలు ఒక్క గుండు పేలకుండా రెండు ఓడలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయంటే, ఈ చోటు కోసమే తిరుగుతున్నాయని అర్థం. తెలియనివాళ్లకు అది విసుగు. తెలిసినవాళ్లకు గుండె దడ.

మరి ఎదురుగాలి వస్తే? గాలివాటంగా పోవడం ఎవరికైనా వస్తుంది. ఎదురుగా పోవడంలోనే ఉన్నది విద్య. గోడ గడియారం చూడండి. గాలి పన్నెండు అంకె వైపు నుంచి వస్తున్నదనుకుందాము. ఈ రకం ఓడ పన్నెండుకు నేరుగా పోలేదు. ఒంటిగంట వైపుకూ పోలేదు. కుడివైపు రెండు అంకెను కాస్త దాటిన దిక్కుకు పోగలదు. లేదా ఎడమవైపు పది అంకెకు కాస్త కిందుగా ఉన్న దిక్కుకు పోగలదు. కనుక కొంతదూరం అటు, కొంతదూరం ఇటు పోతూ మెలికలు మెలికలుగా ముందుకు జరగాలి. మన్ననూరు దాటి నల్లమలలో పడి శ్రీశైలం డ్యాముకు దిగే ఘాటు రోడ్డు మీద బస్సెక్కినవాళ్లకు ఇది తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు ఆ గుట్టను బస్సు నిట్టనిలువుగా ఎక్కదు గదా, మలుపు తరువాత మలుపు తీసుకుని ఎక్కుతుంది.

ఆ మలుపు దగ్గరే ప్రాణసంకటం. ముక్కును గాలికి అడ్డంగా తిప్పి అవతలి పక్కకు మళ్లించడాన్ని టాక్ అంటారు. తిరిగేటప్పుడు ఒక క్షణం చాపలన్నిటికీ గాలి ముందునుంచి కొడుతుంది. ఓడకు వేగం చాలకపోతే అక్కడే నిలిచిపోయి వెనక్కు కొట్టుకుపోతుంది. రెండో పద్ధతి వేర్. గాలికి వీపు చూపించి చుట్టూ తిరిగి రావడం. ఇది భద్రం, కాని ఇంతసేపు సంపాదించిన దూరంలో కొంత పోతుంది, తిరగడానికి చోటు కూడా కావాలి. పక్కనే బండలున్నాయనుకోండి. టాక్ చేస్తే తప్పిపోవచ్చును, వేర్ చేయడానికి చోటు లేదు. కెప్టెన్ నోట మాట రావడానికి ముందు ఒక్క నిమిషం ఓడంతా నిశ్శబ్దం. మంచి ఓడ నవలలన్నిటిలో ఈ నిమిషం ఒక్కసారైనా వస్తుంది.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచిన మాటకు వస్తాను. మనకు ఒడ్డు అంటే క్షేమం. గట్టెక్కినాము, ఒడ్డున పడ్డాము అని కష్టం తీరినప్పుడే అంటాము. ఓడ మనిషికి దీనికి పూర్తిగా విరుద్ధం. నడిసముద్రంలో తుఫాను వస్తే అతను చాపలు దించి, గాలి తోసిన వైపుకు పోతూ రెండు రోజులు ఓర్చుకోగలడు. గాలి సముద్రం నుంచి నేలవైపు వీస్తూ, ఆ నేల కనుచూపు మేరలో ఉంటే మాత్రం అతని పని అయిపోయినట్టే. అదే లీ షోర్. పొట్టు ఎగిరిపోయే వైపు ఒడ్డు ఉండటం. ఆ రెండు మాటలు పేజీలో కనబడ్డప్పుడు భయపడటం నేర్చుకున్నామంటే ఓడ నవల మనకు వచ్చినట్టే. తక్కిన తాళ్లు, కొయ్యలు రాకపోయినా పరవాలేదు.

ఇది పరదేశపు భయం మాత్రమే అనుకోకండి. మన తెలుగు తీరమంతా ఈశాన్యపు గాలి కాలంలో లీ షోరే. అందుకే ఇంగ్లీషువాళ్ల యుద్ధనౌకలు అక్టోబరు వచ్చేసరికి కోరమాండల్ తీరం విడిచి బొంబాయి వంటి రేవులకు తరలిపోయేవి. కాకినాడ దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే పెద్ద రేవు. అక్కడినుంచి రంగూను పోయిన మనవాళ్ల వల్ల బర్మాలో తెలుగువాళ్లందరికీ కోరంగీలనే పేరు వచ్చింది. ఆ కోరంగిని 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి ఉప్పెన ముంచింది. ఒడ్డున కట్టిన ఊరు, రేవులో కట్టిన ఓడలు రెండూ పోయినాయి. కలకత్తాలో ఉండి ఇటువంటి తుఫానుల గతిని పరిశోధించిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయనే సైక్లోన్ అనే మాటను పుట్టించినాడు. ఈనాడు రేడియోలో ప్రతి వానాకాలం మనం వినే మాట అది.

ఇంకా వెనక్కు పోతే కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం ఉన్నది. గోనవారు కొలిచిన ప్రభువులు ఆ కాకతీయులే. గాలివానకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా అంతకుముందు రాజులు లాక్కునేవారట. బంగారం, ఏనుగులు, గుర్రాలు ఏవైనా సరే. సముద్రం మిగిల్చినదాన్ని ఒడ్డు మింగేదన్నమాట. తాను అలా చేయననీ, నిర్ణయించిన సుంకం ముప్ఫైలో ఒక వంతు తప్ప మరేమీ తీసుకోననీ గణపతిదేవుడు రాయించినాడు. ఓరుగల్లులో కూర్చున్న రాజుకు ఓడవాడి భయం అర్థమైంది. మనకెందుకు అర్థం కాదు?

ఇంగ్లీషు ఓడ నవలలకు ఆధారమైన యుద్ధాలలో ఒకటి మన విశాఖపట్నం ముందరే జరిగింది. 1804 సెప్టెంబరు 15వ తేదీ. సెంచూరియన్ అనే 50 ఫిరంగుల ఇంగ్లీషు ఓడ లంగరు వేసుకుని ఉన్నది. దాని రక్షణలో బార్నబీ, ప్రిన్సెస్ షార్లట్ అనే రెండు కంపెనీ సరుకు ఓడలు. కెప్టెన్ లిండ్ ఒడ్డున పనిమీద ఉన్నాడు. అంతలో ఫ్రెంచి సేనాని లినోవా మూడు యుద్ధనౌకలతో వచ్చి పడ్డాడు. వాటిలో పెద్దది, 74 ఫిరంగుల మారెంగో. కెప్టెన్ లేకుండానే పోరు మొదలైంది. ఆయన పడవలో వచ్చి మధ్యలో ఎక్కినాడు. సెంచూరియన్ మెరక వైపు, తీరానికి దగ్గరగా జరిగింది. లోతు నీళ్లు కావలసిన మారెంగో అంత దగ్గరికి రాలేక దూరం నుంచే కాల్చింది. చివరకు లినోవా ప్రిన్సెస్ షార్లట్‌ను పట్టుకుని వెళ్లిపోయినాడు. బార్నబీ ఒడ్డుకు కొట్టుకుని పగిలిపోయింది. చూడండి, ఒకే పొద్దు, ఒకే తీరం. ఒక ఓడను ఆ ఒడ్డే కాపాడింది, ఇంకొక ఓడను ఆ ఒడ్డే చంపింది. ఈ లినోవాయే ప్యాట్రిక్ ఓబ్రయన్ రాసిన ‘హెచ్.ఎం.ఎస్. సర్‌ప్రైజ్’ నవలలో శత్రువుగా వస్తాడు. అది 1973లో అచ్చయింది. మన తీరపు శత్రువును పుస్తకంలో కలుసుకోవడం తమాషాగా ఉంటుంది.

ఈ కథలన్నీ మగవాళ్లవే గదా అని ఒక సోదరి అడిగినారు. చాలావరకు నిజమే. కాని ఆ యుద్ధనౌకలలో నావికుల భార్యలు కొందరు ఉండేవారు. పోరులో మందుగుండు అందించినారు, గాయపడ్డవాళ్లకు కట్లు కట్టినారు. 1847లో ఆ పాత యుద్ధాలకు పతకాలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటిస్తే జేన్ టౌన్సెండ్ అనే ఆమె, తాను ట్రఫాల్గర్‌లో డిఫయన్స్ ఓడమీద ఉన్నానని అర్జీ పెట్టుకున్నది. ఆమె సేవ నిజమేనని ఒప్పుకుని కూడా, ఒకరికిస్తే ఇంకా చాలామంది ఆడవాళ్లు అడుగుతారని చివరకు ఇవ్వలేదు. ఎంత చక్కని కారణం! ఇద్దరు అన్నదమ్ములు నౌకాదళంలో ఉన్న జేన్ ఆస్టెన్ తన ‘పర్సుయేషన్’ నవలలో క్రాఫ్ట్ అనే ఇల్లాలిని పెట్టింది. భర్తతోబాటు ఓడలో అట్లాంటిక్ నాలుగుసార్లు దాటి, మన తూర్పు దేశాలకు కూడా ఒకసారి వచ్చి వెళ్లిన మనిషి. ఓడలో కాపురం హాయిగా ఉంటుందనీ, ఒంటరిగా ఒడ్డున ఉండిపోయిన ఒక్క శీతాకాలమే తనకు కష్టమైందనీ ఆమె చెబుతుంది. ఇక్కడా ఒడ్డే కష్టం!

ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా? తెలుగులో నండూరి రామమోహనరావుగారు అనువదించిన ‘కాంచనద్వీపం’తో మొదలుపెట్టండి. అది స్టీవెన్సన్ 1883లో పుస్తకంగా వేసిన ‘ట్రెజర్ ఐలండ్’. అందులోని ఓడ స్కూనర్, అంటే మనం చెప్పుకున్న రకం కాదు, చాపలు తక్కువ, మాటలూ తక్కువ. పైగా అందులో మనకు బాగా తెలిసిన వస్తువు ఒకటి ఉన్నది. జిమ్ అనే కుర్రవాడు రాత్రివేళ ఒక చిన్న పడవలో ఓడ దగ్గరికి పోయి లంగరు తాడు కోస్తాడు. కొయ్య చట్రానికి మేకతోలు కప్పిన పడవ అది. తెడ్డు వేస్తే ముందుకు పోకుండా గిరగిరా తిరుగుతుంది. ఇది మన పుట్టి కాక మరేమిటి? బీచుపల్లి వంతెన రాకముందు కృష్ణను పుట్టిలో దాటిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఆ ప్రకరణం చదివి వినిపించండి. జిమ్ చేసే పొరపాట్లన్నీ వాళ్లే ముందుగా చెబుతారు.

తరువాత ఇంగ్లీషు కాస్త చదవగలిగినవాళ్లు సి.ఎస్. ఫారెస్టర్ రాసిన హార్న్‌బ్లోవర్ కథలు పట్టుకోవచ్చును. వాటిలో మొదటిది 1937లో వచ్చింది. మాటలు సూటిగా ఉంటాయి. ఓబ్రయన్ కష్టం, కాని అసలు విందు ఆయనదే. 1969 నుంచి 1999 వరకు ఇరవై నవలలు రాసినాడు. మొదటిదైన ‘మాస్టర్ అండ్ కమాండర్’ పేరుతో 2003లో సినిమా కూడా వచ్చింది. ఆ నవలలో మట్యురిన్ అనే డాక్టరు ఉంటాడు. ఆయనకూ మనలాగే ఓడ సంగతి ఏమీ తెలియదు. ఒక యువ నావికుడు ఆయన్ను స్తంభం పైకి ఎక్కించి ఒక్కొక్క తాడూ చూపిస్తాడు. ఆ పక్కనే మనమూ నిలబడి వినవచ్చును. అక్కడ అర్థం కానిది డాక్టరుకూ అర్థం కాలేదనుకుని ముందుకు సాగండి.

మన దేశపు మాటలు కూడా ఆ పుస్తకాలలో తగులుతాయి. లస్కరు, సరంగు, తండేలు వంటివి. 2025లో ‘తండేల్’ అని సినిమా వచ్చినప్పుడు ఆ మాటకు అర్థమేమిటని మన ఇళ్లల్లో ఎంతమంది అడిగినారో గుర్తున్నదా?

నేను చేసే పని ఒకటి చెబుతాను. ఒక అట్టముక్కమీద మూడు నిలువు గీతలు, ఒక్కొక్కదానికి నాలుగు అడ్డగీతలు గీసి పేర్లు రాసుకున్నాను. మరొక పక్క గడియారం బొమ్మ వేసి పన్నెండు దగ్గర ‘గాలి’ అని రాసినాను. పుస్తకంలో గుర్తుకు పెట్టుకునేది ఆ అట్టే. కథలో గాలి మారినప్పుడల్లా అట్టను ఆ మేరకు తిప్పుతాను, ఓడ ఏ వైపుకు పోగలదో, ఏ వైపుకు పోలేదో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. మధ్యాహ్నం గిన్నెలు కడిగి, పిల్లలు బడినుంచి వచ్చేలోగా రోజుకు నాలుగు పేజీలు. ప్రస్తుతం మా ఓడకు వాయవ్యం నుంచి గాలి వీస్తున్నది, ఆగ్నేయాన బండలు కనిపిస్తున్నాయి, కెప్టెన్ ఇంకా నోరు విప్పలేదు.